‘టిక్’మంటుంది, ఇంజన్ ఎందుకు తిరగదు?

పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపు రోల్స్ రాయిస్ ఉంది. ఆ కాలపు కార్లను ముందు నుంచి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవారు. చేతులు విరిగేవి కూడా! 1912 మోడల్ కాడిలాక్ కారుతో ఇంజనీర్ చార్లెస్ కెటరింగ్ రూపొందించిన కరెంటు స్టార్టర్ వచ్చింది.

ఇప్పుడు ఒక పాత అంబాసిడర్‌కు కొత్త స్టార్టర్ బిగించారనుకోండి. తాళం తిప్పితే ‘టిక్’మని ఊరుకుంది. ఎందుకు?

ఇంజన్‌ను తిప్పడానికి స్టార్టర్ మోటారు 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. తాళం దగ్గరి సన్నతీగ అంత మోయలేదు. అది సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంత స్విచ్‌ను మాత్రమే కదిలిస్తుంది. సోలినాయిడ్ చిన్న పళ్లచక్రాన్ని ఇంజన్ ఫ్లైవీల్ పళ్లలోకి నెట్టి, బ్యాటరీ లావు కేబుల్‌ను మోటారుకు కలుపుతుంది. ఆ చప్పుడే ‘టిక్’.

బ్యాటరీ నిండుగా ఉంటే నేను ముందు అనుమానించేది ఎర్తునే. కరెంటు తిరిగి వెళ్లేది స్టార్టర్ బాడీ, ఇంజన్ మీదుగానే. బిగించిన చోట పెయింటో తుప్పో ఉండి 0.02 ఓమ్‌ల నిరోధం చేరినా, 150 ఆంపియర్ల దగ్గర 3 వోల్టులు అక్కడే పోతాయి. ఉన్నవే 12!

గేరు న్యూట్రల్‌లో పెట్టి, మల్టీమీటర్ ఒక తీగను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని స్టార్టర్ బాడీకి ఆనించి, మెకానిక్‌తో తాళం తిప్పించండి. అర వోల్టు దాటితే లోపం ఎర్తు దారిలోనే ఉంది. బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పాకే ఆ అతుకులను గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ గట్టిగా బిగించాలి.