దారి కొంత మూసుకున్నా ఆగని వైఫై
అడ్డున్న ముక్కను మాత్రమే వదిలే 'పంక్చరింగ్' విధానం

ఇంటర్నెట్ కనెక్షన్ వేగవంతమైనదే. రూటరూ కొత్తదే. అయినా సాయంత్రమైతే చాలు, వీడియోలు మధ్యలో ఆగిపోతుంటాయి. అపార్టుమెంట్లలో నివసించే చాలామందికి ఇది నిత్యానుభవం. చాలా సందర్భాల్లో లోపం తీగలో కాదు, గాలిలో ఉంటుంది. ఇరుగుపొరుగు రూటర్లన్నీ ఒకే తరంగ పరిధిని పంచుకోవలసి రావడమే ఇందుకు కారణం. ఆ పరిధిలో చిన్న ముక్క ఒకటి ఇతరుల వాడుకలో ఉన్నా, విశాలమైన దారిలో అధిక భాగాన్ని వదులుకోవలసిన పరిస్థితి చాలాకాలం కొనసాగింది. 'వైఫై 6', 'వైఫై 7' ప్రమాణాల్లో చోటు చేసుకున్న 'ప్రియాంబుల్ పంక్చరింగ్' విధానం ఈ నష్టాన్ని గణనీయంగా తగ్గిస్తోంది.

వెడల్పుతో పాటే చిక్కులు

వైఫై సంకేతాలు ప్రయాణించే దారిని చానల్ అంటారు. దాని వెడల్పును మెగాహెర్ట్జ్‌లలో కొలుస్తారు. 20 మెగాహెర్ట్జ్‌ల ముక్క దీనికి మూలం. 2009లో ఆమోదం పొందిన 802.11ఎన్ ప్రమాణం రెండు ముక్కలను కలిపి 40 మెగాహెర్ట్జ్‌ల చానల్‌ను ప్రవేశపెట్టింది. 2013 నాటి 802.11ఏసీ దానిని 80, 160కి పెంచింది. వైఫై 7లో ఇది 320 మెగాహెర్ట్జ్‌లకు చేరింది. దారి ఎంత వెడల్పుగా ఉంటే సమాచారం అంత వేగంగా సాగుతుంది. అయితే వెడల్పు పెరిగేకొద్దీ ఏదో ఒకచోట మరొకరు అడ్డు తగిలే అవకాశమూ పెరుగుతుంది.

సంకేతాన్ని పంపే ముందు రూటర్ ఆ దారి ఖాళీగా ఉన్నదీ లేనిదీ విని తెలుసుకుంటుంది. ఇందులో ఒక 20 మెగాహెర్ట్జ్‌ల ముక్కను 'ప్రైమరీ' చానల్‌గా పరిగణిస్తారు. పాత పద్ధతిలో దాని పక్కనున్న ముక్కలను వరుస క్రమంలో 40, 80, 160గా మాత్రమే కలుపుకొనే వీలుంది. 80 మెగాహెర్ట్జ్‌ల చానల్‌లోని నాలుగు ముక్కల్లో ప్రైమరీకి జతగా ఉన్న ముక్కను పొరుగింటి రూటర్ వాడుతున్నదనుకుంటే, మిగిలిన రెండూ ఖాళీగానే ఉన్నా వాటిని వాడుకోవడం కుదరదు. రూటర్ 20 మెగాహెర్ట్జ్‌లతోనే సరిపెట్టుకోవాలి. నాలుగు వరుసల రహదారిలో ఒక వరుసలో ధాన్యం ఆరబోశారని మూడు వరుసలను మూసివేసినట్లు ఉంటుందీ వ్యవహారం.

పంక్చర్ చేస్తేనే ప్రయాణం

సైకిల్ ట్యూబుకు పంక్చర్ పడితే ప్రయాణం ఆగుతుంది. ఇక్కడ పంక్చర్ చేయడం వల్లనే ప్రయాణం సాగుతుంది. వైఫైలో ప్రతి సమాచార పొట్లానికి ముందు ఒక పరిచయ సంకేతం వెళ్తుంది. దీనినే ప్రియాంబుల్ అంటారు. రాబోయే సమాచారం ఎంత వెడల్పున, ఏ పద్ధతిలో వస్తుందో అవతలి పరికరానికి ఇదే తెలియజేస్తుంది. కొత్త విధానంలో అడ్డున్న ముక్కలో పరిచయ సంకేతాన్ని గానీ, సమాచారాన్ని గానీ పంపరు. ఏ ముక్కను ఖాళీగా వదిలిందీ మిగిలిన ముక్కల్లోని సంకేతం ద్వారా తెలుపుతారు. ఫలితంగా పై ఉదాహరణలో 20కి బదులు 60 మెగాహెర్ట్జ్‌లు వినియోగంలోకి వస్తాయి. 320 మెగాహెర్ట్జ్‌ల చానల్‌లో ప్రైమరీ లేని సగంలో 40 మెగాహెర్ట్జ్‌ల మేర అడ్డుంటే, పాత లెక్కన 160 మాత్రమే దక్కేది. ఇప్పుడు 280 దక్కుతుంది.

2021లో ఆమోదం పొందిన వైఫై 6 ప్రమాణం, అంటే 802.11ఏఎక్స్, ఈ విధానానికి నాంది పలికింది. అయితే ఒకేసారి పలు పరికరాలకు పంపే సమాచారానికే అది పరిమితమైంది. అదీ తయారీదారుల ఐచ్ఛికమే. వైఫై 7 దీనిని ఒక్క పరికరానికి పంపే సమాచారానికీ విస్తరించింది. వైఫై అలయన్స్ 2024 జనవరిలో వైఫై 7 పరికరాలకు ధ్రువీకరణ ప్రారంభించింది.

మన దేశంలో ప్రాధాన్యం

అమెరికా 2020 ఏప్రిల్‌లో 6 గిగాహెర్ట్జ్ బ్యాండులో 1,200 మెగాహెర్ట్జ్‌లను లైసెన్సు అవసరం లేని వినియోగానికి తెరిచింది. అందులో 320 మెగాహెర్ట్జ్‌ల చానళ్లు ఒకదానిపై ఒకటి పడకుండా మూడు ఇముడుతాయి. భారత టెలికాం శాఖ 2025 మేలో విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో ఇదే బ్యాండులో 500 మెగాహెర్ట్జ్‌లను ప్రతిపాదించింది. ఆ పరిధిలో అంత వెడల్పు చానల్ ఒక్కటే ఇముడుతుంది. ఉన్న ఒక్క దారిలో ఒక మూల అడ్డుపడితే సగం పోగొట్టుకోవడమా, ఆ మూలను మాత్రమే వదిలి సాగడమా అన్నది ఇక్కడ కీలకమవుతుంది.

ఉపగ్రహ, మైక్రోవేవ్ సేవలు ఈ బ్యాండును ముందు నుంచే వాడుకుంటున్నాయి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులోని కొంత భాగంలో రాడార్లు పనిచేస్తాయి. వాటికి ఆటంకం కలిగించరాదన్నది ప్రధాన నియమం. నిబంధనలు అనుమతించిన చోట, అటువంటి భాగాన్ని రూటర్ ముందే మూసివేసి, ఆ విషయాన్ని తనతో అనుసంధానమైన పరికరాలన్నింటికీ ప్రకటించే ఏర్పాటు వైఫై 7లో ఉంది.

పరిమితులూ ఉన్నాయి

ఈ విధానం కొత్త తరంగాలను సృష్టించదు. ఉన్నవాటిని వృథా కానివ్వదు, అంతే. ప్రైమరీ ముక్కే ఇతరుల వాడుకలో ఉంటే దానిని పంక్చర్ చేయడం సాధ్యం కాదు. అది ఖాళీ అయ్యేవరకు వేచి ఉండాలి, లేదా చానల్ మార్చుకోవాలి. 20 మెగాహెర్ట్జ్‌ల కంటే చిన్న భాగాన్ని విడదీయడమూ కుదరదు. రూటర్ ఒక్కటే కొత్తదైతే చాలదు, ఫోన్ లేదా ల్యాప్‌టాప్‌లోనూ ఈ సదుపాయం ఉండాలి. ఇళ్లు దూరదూరంగా ఉండి, పొరుగు సంకేతాల బెడద లేని చోట దీనివల్ల పెద్దగా తేడా కనిపించదు. కొత్త రూటర్ కొనదలచినవారు పెట్టెపై ముద్రించిన గరిష్ఠ వేగాన్నే చూడకుండా, తమ పరికరాలు ఏ ప్రమాణానికి చెందినవో, తమ ఇంటి చుట్టూ ఎన్ని వైఫై నెట్‌వర్కులు కనిపిస్తున్నాయో ముందుగా గమనించడం మేలు.