గాలికి దారిస్తే ఇంధనం మిగులుతుంది

రేకులు, ప్లాస్టిక్ పలకలతో వాహనం ఆకృతిని సొంతంగా దిద్దుకుని మైలేజి పెంచుకునే ప్రయత్నాల వెనుక గట్టి విజ్ఞానశాస్త్రం ఉంది. ఆ ప్రయత్నాలు ఎక్కడ ఫలిస్తాయి, ఎక్కడ విఫలమవుతాయి, తెలుగు వాహనదారులు వాటి నుంచి ఏం గ్రహించవచ్చు?

చదునైన రహదారిపై ఒకే వేగంతో సాగే కారు ముఖ్యంగా రెండు నిరోధాలను ఎదుర్కొంటుంది. బరువుకు నొక్కుకుపోయిన టైరు తిరిగి యథాస్థితికి వచ్చే క్రమంలో కలిగే దొర్లుడు నిరోధం మొదటిది కాగా, ఎదురుగా ఉన్న గాలిని పక్కకు నెట్టి, వెనుక ఏర్పడిన అల్పపీడన ప్రాంతాన్ని ఈడ్చుకుంటూ పోవడం వల్ల కలిగే గాలి నిరోధం రెండవది. ఇంజినీర్లు దీనినే డ్రాగ్ అంటారు. దొర్లుడు నిరోధం వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం మాత్రం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, వేగం రెట్టింపైనప్పుడు ఆ నిరోధం 4 రెట్లు, దానిని అధిగమించడానికి కావలసిన సామర్థ్యం 8 రెట్లు అవుతాయి.

ఒక వస్తువు గాలిలో ఎంత సాఫీగా కదులుతుందో తెలిపే సంఖ్యను డ్రాగ్ గుణకం అంటారు. ఈ గుణకం 0.32, ఎదుటి వైశాల్యం 2.2 చదరపు మీటర్లు, బరువు 1,200 కిలోలు ఉన్న కారును ఉదాహరణగా తీసుకుంటే, గంటకు 50 కిలోమీటర్ల వేగంలో దాని గాలి నిరోధం సుమారు 80 న్యూటన్లు, దొర్లుడు నిరోధం సుమారు 120 న్యూటన్లు ఉంటాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో దొర్లుడు నిరోధం దాదాపు అంతే ఉండగా, గాలి నిరోధం 325 న్యూటన్లు దాటుతుంది. ఆకృతిని దిద్దడం వల్ల కలిగే మేలు నగర వీధుల్లో కంటే జాతీయ రహదారులపైనే ఎందుకు కనిపిస్తుందో ఈ లెక్కే చెబుతుంది.

వెనుక భాగమే కీలకం

వాహనం ముక్కు ఎంత మొనదేలితే అంత మంచిదనే భావన సామాన్యంగా ఉన్నప్పటికీ, ముందు అంచులు తగినంత గుండ్రంగా ఉంటే చాలునని, అసలు సమస్య గాలి వాహనాన్ని విడిచిపెట్టే చోట ఉందని గాలి ప్రవాహ శాస్త్రం నిర్ధారించింది. వెనుక భాగం హఠాత్తుగా ముగిసినప్పుడు గాలి ఉపరితలం నుంచి విడిపోయి సుడులు తిరుగుతుంది, అక్కడ పీడనం పడిపోతుంది, ఆ పీడన లోపమే వాహనాన్ని వెనక్కు లాగుతుంది. వెనుక భాగాన్ని క్రమంగా సన్నబరుస్తూ పోవడమే దీనికి పరిష్కారమైనా, అలా పూర్తిగా మొనదేలే వరకు సాగదీస్తే వాహనం అలవిమాలిన పొడవవుతుంది. కొంత దూరం సన్నబరిచి అక్కడ నిలువుగా కోసివేసినా ప్రయోజనంలో అధిక భాగం దక్కుతుందని జర్మన్ ఇంజినీరు వునిబాల్డ్ కామ్ 1930లలో చూపించాడు; ఆ ఆకృతికి నేటికీ ఆయన పేరే ఉంది.

వాలు ఎంత ఉండాలన్నది మరో ప్రశ్న. ఎస్.ఆర్. అహ్మద్, ఆయన సహచరులు 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో, సరళీకరించిన కారు నమూనా వెనుక వాలు 12.5 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నిరోధం కనిష్ఠంగా, 30 డిగ్రీల దగ్గర గరిష్ఠంగా తేలింది. అంటే కంటి అంచనాతో కాస్త ఎక్కువగా వంచిన రేకు మేలు చేయకపోగా కీడు చేయవచ్చు.

ఖరీదైన పరికరాలు లేకుండానే ఈ సూత్రాలను రోడ్డు మీద నిరూపించిన ఘనత 1970లలో కాలిఫోర్నియాలోని నాసా డ్రైడెన్ కేంద్రానికి దక్కుతుంది. సైకిలుపై వెళ్తుండగా పక్కనుంచి దూసుకుపోయే లారీల గాలి తనను మొదట నెట్టి, ఆ తర్వాత లోపలికి లాగడం గమనించిన ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే ఇంజినీరు చొరవతో, అక్కడి బృందం ఒక పాత వ్యానుకు రేకులు బిగించి దానిని పదునైన అంచులున్న పెట్టెగా మార్చింది. ముందు, వెనుక నిలువు అంచులను గుండ్రం చేయగా నిరోధం 40 శాతం, అడ్డం అంచులను కూడా గుండ్రం చేయగా 54 శాతం తగ్గాయి. ఇందుకు కోల్పోయిన లోపలి చోటు 3 శాతమే.

సొంత పనితనం

అమెరికాలో ఔత్సాహికులు ఇదే మార్గాన్ని తమ వాహనాలపై అనుసరించారు. తెలుగు ప్రాంతాల్లో ప్రచార బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటు వంటి తేలికైన ప్లాస్టిక్ పలకలు, పలుచని అల్యూమినియం రేకులు వారి ముడిసరుకు. కారు అడుగున ఎగుడుదిగుడులను కప్పే చదును పలక, వెనుక చక్రాల తోరణాలను మూసే కప్పు, చక్రాల బిళ్లలకు నున్నని మూత, రేడియేటరు ముందున్న జాలీని కొంత మేర మూసే పట్టీ, వెనుక భాగాన్ని సన్నబరిచే బోట్ టెయిల్ అనే తోక వారు తరచుగా తయారు చేసుకునే భాగాలు. 1992 నాటి హోండా సివిక్‌కు ఇవన్నీ అమర్చగా ఏరోసివిక్‌గా పేరొందిన కారు డ్రాగ్ గుణకం 0.17కు దిగిందని దాని యజమాని అంచనా వేశాడు. మోటారు సైకిళ్ల రూపకర్త క్రెయిగ్ వెటర్ 1980లలో నిర్వహించిన మైలేజి పోటీల్లో, నిండా తొడుగు వేసిన చిన్న బళ్లు గాలనుకు 400 మైళ్లకు పైగా, అంటే లీటరుకు 170 కిలోమీటర్లకు పైగా సాధించాయి. వెనుక చక్రాలను కప్పడమనే ఆలోచనను 1999 నాటి హోండా ఇన్‌సైట్, ఆ తర్వాత ఫోక్స్‌వాగన్ ఎక్స్ఎల్1 వంటి కంపెనీ కార్లు కూడా అమలు చేశాయి.

అయితే అమర్చిన ప్రతి భాగమూ పొదుపు చేయదు. పికప్ ట్రక్కు వెనుక తలుపును దించి నడిపితే గాలి సాఫీగా పోతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి తలుపు మూసి ఉన్నప్పుడు తొట్టిలో నిలిచే గాలి సుడి పైగాలికి మెత్తని పరుపులా పనిచేస్తుంది కనుక, మూసి నడపడమే మేలు. అందుకే ఈ రంగంలో కొలతకు పనితనంతో సమానమైన గౌరవం దక్కాలి. కారు ఒంటినిండా చిన్న ఊలు దారాలు అంటించి మరో వాహనం నుంచి గమనిస్తే, దారాలు తిన్నగా పడుకున్న చోట గాలి అంటిపెట్టుకుని ఉందని, అల్లల్లాడే చోట విడిపోయిందని తెలుస్తుంది. ఇంధనాన్ని కొలిచేటప్పుడు ఒకే దారిలో, గాలి ఉద్ధృతి లేని వేళ, రెండు దిశల్లోనూ నడిపి, భాగం లేకుండా ఒకసారి, దానితో ఒకసారి, మళ్లీ తీసివేసి ఒకసారి చూడాలి; మొదటి, చివరి ఫలితాలు సరిపోలనప్పుడు మధ్యలో కనిపించిన లాభానికి విలువ ఉండదు.

చట్టం, భద్రత

భారతదేశంలో ఈ ప్రయత్నాలకు కచ్చితమైన హద్దులున్నాయి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని కఠినంగా సమర్థించింది; అదే ఏడాది సవరణ ప్రకారం అక్రమ మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చు. చట్టం సంగతి అటుంచినా, రామగుండం, విజయవాడ ఎండల్లో రేడియేటరు జాలీని మూస్తే ఇంజిను వేడెక్కుతుంది, సైలెన్సరు గొట్టానికి దగ్గరగా బిగించిన ప్లాస్టిక్ పలక కరిగి అంటుకోవచ్చు, సరిగా బిగించని రేకు రోడ్డుపై ఊడిపడితే వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుడి ప్రాణానికే ముప్పు.

కనుక తెలుగు వాహనదారులకు ఈ విద్య నేర్పేది తగిలించడం కంటే తొలగించడమే. కారు పైకప్పుపై పెద్ద సామాను పెట్టె ఉంటే వేగవంతమైన రహదారులపై మైలేజి 10 నుంచి 25 శాతం వరకు పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో అనుమతి లేదని స్పష్టం చేసిన, కారు ముందు బిగించే బుల్‌బార్లు కూడా గాలికి అడ్డంకులే. వీటన్నిటికంటే మించిన ఉపాయం వేగాన్ని అదుపు చేసుకోవడం: గంటకు 100 నుంచి 80 కిలోమీటర్లకు తగ్గితే గాలి నిరోధం 36 శాతం తగ్గుతుంది. అంత లాభాన్ని రేకులు, పలకలతో సాధించడం నిపుణులకే కష్టం. ప్రయాణం పూర్తయ్యాక పైకప్పు క్యారియరును విప్పి ఇంట్లో పెట్టడం, రహదారిపై 80 దగ్గర నిలకడగా నడపడం ఖర్చు లేనివి, చట్టబద్ధమైనవి, ఈ రోజే మొదలుపెట్టదగినవి.