అమ్మమ్మ ఒడి దాకా కారు సీటులోనే

అమెరికాలో పుట్టిన బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే మొదటి ప్రయాణమే కారు సీటులో. అక్కడ 50 రాష్ట్రాల్లోనూ పిల్లల సీటుకు చట్టం ఉంది. వీధి చివర దుకాణానికి వెళ్లాలన్నా బిడ్డను ఆ సీటులో కూర్చోబెట్టి, బెల్టులు బిగించాకే కారు కదులుతుంది. ఆ బిడ్డే ఏడాదిన్నర వయసులో సంక్రాంతికి కోనసీమలోని అమ్మమ్మ ఊరు ఆత్రేయపురం వస్తుంది. తెల్లవారుజామున శంషాబాద్ విమానాశ్రయంలో దిగుతుంది. సూర్యాపేట, విజయవాడ, ఏలూరు, తణుకు మీదుగా రావులపాలెం దాకా జాతీయ రహదారి, అక్కడి నుంచి కాలువ గట్టు వెంట ఊళ్లోకి. ఏడెనిమిది గంటల దారి. పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల చేసిన ప్రయాణాలన్నిటిలోకీ అపాయం ఎక్కువున్నది ఇదే. చాలా కుటుంబాల్లో కారు సీటు లేకుండా, ఒడిలో సాగిపోయే ప్రయాణం కూడా ఇదొక్కటే.

తల్లిదండ్రులకు బాధ్యత లేక కాదు. సీటు బరువని కొందరు అక్కడే వదిలేసి వస్తారు. కొందరు తెస్తారు కానీ అది సామాన్ల బెల్టు మీదకు పగిలి వస్తుంది, లేదా రానే రాదు. అన్నీ సరిగ్గా జరిగి సీటు చేతికందినా, బయట నిలబడ్డ ఇన్నోవాలో దాన్ని పెట్టే చోటు ఉండదు. ఈ మూడు చిక్కులూ ముందుగా ఆలోచిస్తే తీరేవే. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

ముందు ఒడి సంగతి. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆగి ఉన్న లారీని గుద్ది కారు సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుందాం. పది కిలోల బిడ్డను ఆ క్షణంలో పట్టి ఆపడానికి దాదాపు 140 కిలోల బరువును మోసేంత బలం కావాలి. ఎంత ప్రేమగల చేతులకైనా అది సాధ్యం కాదు. పెద్దవాళ్ల బెల్టులోనే బిడ్డనూ కలిపి కట్టుకుంటే ఇంకా ఘోరం. వెనకున్న మనిషి బరువంతా బెల్టుకూ తనకూ మధ్య నలిగే ఆ చిన్న ఒంటి మీదే పడుతుంది. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువు, మెడ లేత. 1964లో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటు నమూనా చేశాడు. రాకెట్‌లో వ్యోమగాములు వెల్లకిలా ఆనుకుని అంత ఒత్తిడినీ వీపంతా పరచుకుని భరించడం ఆయనకు ఆ ఆలోచన ఇచ్చింది. ఇప్పటి సీట్ల వెనకున్న సూత్రం అదే. సీటు ఒప్పుకునే బరువు, ఎత్తు దాటేదాకా బిడ్డను వెనక్కి తిప్పే కూర్చోబెట్టమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018 నుంచి చెబుతోంది.

ఆకాశంలో ఎవరి ఒడి?

రెండేళ్లు నిండని బిడ్డకు విమానంలో సీటు కొనక్కర్లేదు. అంతర్జాతీయ ప్రయాణంలో సాధారణంగా పెద్దల చార్జీలో పదో వంతు కడితే ఒడిలో తీసుకెళ్లవచ్చు. మన విమానాల్లోనూ, ఐరోపా విమానాల్లోనూ తల్లి బెల్టుకు తగిలించే చిన్న బెల్టు ఒకటి బిడ్డ నడుముకు ఇస్తారు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తమ దేశపు విమానాల్లో ఆ బెల్టును ఒప్పుకోదు. బిడ్డకు వేరే టికెట్టు కొని, ఆమోదం ఉన్న కారు సీటులో కూర్చోబెట్టమని సలహా ఇస్తుంది. సలహాయే, నిబంధన కాదు.

నిబంధన ఎందుకు కాలేదన్నదానికి ఒక కథ ఉంది. 1989 జూలై 19న యునైటెడ్ 232 విమానం అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో కూలింది. అదుపు తప్పిన విమానం నేలను తాకబోయే ముందు, ఒడిలో ఉన్న పిల్లలను కాళ్ల దగ్గర నేల మీద పడుకోబెట్టమని క్యాబిన్ సిబ్బంది పెద్ద జ్యాన్ బ్రౌన్ తల్లిదండ్రులకు చెప్పింది. అప్పటి శిక్షణలో ఆమెకు నేర్పింది అదే. ఒడి పిల్లలు నలుగురు. ఒకడు, ఇంకా రెండేళ్లు నిండనివాడు, ప్రాణాలతో బయటపడలేదు. ఆ తల్లికి ఎదురుపడ్డ జ్యాన్ బ్రౌన్ తర్వాతి దశాబ్దాలన్నీ ప్రతి బిడ్డకూ విమానంలో సొంత సీటు ఉండాలని పోరాడింది. ప్రమాదాలను విచారించే జాతీయ రవాణా భద్రతా మండలీ ఆమె పక్షానే నిలిచింది. ఎఫ్ఏఏ మాత్రం 2005లో కాదంది. ప్రతి బిడ్డకూ టికెట్టు తప్పనిసరి చేస్తే ఖర్చుకు వెరచి కుటుంబాలు కార్లలో బయల్దేరతాయి, విమానంలో కాపాడే ప్రాణాల కంటే రోడ్డు మీద పోయే ప్రాణాలే ఎక్కువవుతాయన్నది వారి లెక్క.

ఆ నిర్ణయంతో ఏకీభవించడం నాకు కష్టమే. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం మయన్మార్‌లోని ఇరావతి నదీ పరీవాహక ప్రాంతం మీదుగా పోతూ ఒక్కసారిగా కుదుపుకు లోనైంది. ఒకరు చనిపోయారు, బెల్టు లేనివారు ఎగిరి పైకప్పుకు కొట్టుకున్నారు. అయినా ఎఫ్ఏఏ లెక్కలోని ఒక మాట మనకు పనికొస్తుంది: విమానం కంటే రోడ్డే ప్రమాదం. అది అమెరికా రోడ్ల గురించి అన్న మాట. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. టికెట్టు కొనే స్తోమత ఉంటే విమానంలోనూ బిడ్డకు తన సీటు ఇవ్వండి. లేకపోయినా కారు సీటు మాత్రం వెంట రావాలి. శంషాబాద్ గేటు దాటాక దాని అవసరం మొదలవుతుంది.

పూతరేకులకిచ్చే మర్యాద

ఆత్రేయపురం నుంచి తిరిగి వెళ్లేటప్పుడు పూతరేకుల డబ్బాను చెకిన్ సామాన్లలో ఎవరూ వెయ్యరు. రేకు పొడైపోతుందని తెలుసు కాబట్టి చేత్తో పట్టుకుని, తలపై అరలో కూడా పైన ఏమీ పెట్టకుండా, అట్లాంటా దాకా అపురూపంగా మోసుకెళ్తారు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ మిఠాయికి చేసే మర్యాద, బిడ్డ ప్రాణాన్ని కాచే సీటుకూ చెయ్యాలి. పూతరేకు విరిగితే డబ్బా తెరవగానే కనిపిస్తుంది. కారు సీటు లోపలి ప్లాస్టిక్ చిట్లినా, తల చుట్టూ ఉండే నురగ పగిలినా పైగుడ్డ కింద కనిపించదు. గుద్దుకున్న రోజునే తెలుస్తుంది.

బిడ్డకు టికెట్టు ఉంటే మంచి దారి సీటును క్యాబిన్‌లోకే తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టడం. అమెరికాలో కొన్న సీటు పక్కన, మోటారు వాహనాల్లోనూ విమానాల్లోనూ వాడవచ్చని ఎర్రటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. బయల్దేరే ముందే దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. విమానంలో ఎవరైనా అడ్డు చెబితే వాదన అక్కర్లేకుండా చూపించవచ్చు. సీటును కిటికీ పక్కనే పెట్టనిస్తారు, అత్యవసర ద్వారపు వరసలో ఒప్పుకోరు. వెనక్కి తిప్పి కడితే ముందు ప్రయాణికుడి సీటు వెనక్కి వాలదు. పదిహేను గంటల ప్రయాణంలో అది మాటామాటా పెంచుతుంది కాబట్టి ఎక్కగానే ఆయనకు మర్యాదగా చెప్పడం మేలు. వీపు లేని బూస్టర్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వాడనివ్వరు. పది నుంచి ఇరవై కిలోల లోపు, మీటరు ఎత్తు దాటని పిల్లలకు విమాన సీటుకు తగిలించే కేర్స్ అనే పట్టీల అమరిక ఉంది. తేలిక, చేతిసంచీలో పడుతుంది. కానీ అది కారులో పనికిరాదు. దాన్ని నమ్మి కారు సీటు ఇంట్లో వదిలేస్తే శంషాబాద్‌లో మళ్లీ ఒడే గతి.

టికెట్టు లేకపోతే రెండో మేలు గేటు దాకా మోసి, విమానం గుమ్మం దగ్గర అప్పగించడం. దానికి సాధారణంగా డబ్బు తీసుకోరు. మెత్తటి సంచీలో పెట్టి, పేరు, ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. ట్యాగు వేసేటప్పుడే ఒక మాట అడగాలి: మధ్యలో దోహాలోనో దుబాయ్‌లోనో చేతికిస్తారా, లేక హైదరాబాద్‌లో సామాన్ల బెల్టు మీదే వస్తుందా? తప్పనిసరై చెకిన్‌లో వేస్తే, కొన్నప్పటి అట్టపెట్టె అంత రక్ష మరొకటి లేదు. అందిన వెంటనే పైగుడ్డ తీసి చూడండి. పగులు కనిపిస్తే విమానాశ్రయం దాటకముందే అక్కడి సామాన్ల కౌంటర్లో రాయించండి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న సామానుకు 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. మన దేశం 2009లో ఆ ఒప్పందంలో చేరింది.

రోజూ వాడే పెద్ద సీటునే మొయ్యనక్కర్లేదు. నాలుగైదు కిలోల బరువుండే ప్రయాణపు సీట్లు వచ్చాయి. ఎన్ని కప్పు హోల్డర్లున్నాయన్నది కాక, బిడ్డ బరువుకూ ఎత్తుకూ సరిపోతుందా అన్నదే చూడండి.

శంషాబాద్ బయట

అసలు పరీక్ష ఇక్కడే. రాత్రంతా మేలుకుని వచ్చిన డ్రైవరు, మనవరాలిని చూడాలని ఊరి నుంచి ఎదురొచ్చిన అమ్మమ్మ, తాతయ్య, మావయ్య. ఆరు పెట్టెలు. సీటు పెట్టడానికి స్థలం లేదు.

"అదేంటమ్మా, పసిపిల్లని అలా కట్టేస్తారా? ఇలా తే, నా ఒళ్లో పడుకుంటాది" అంటుంది అమ్మమ్మ. "ఇంత దూరం వచ్చాక ఇంకా ఆ కుర్చీ ఎందుకండీ అల్లుడుగారూ" అంటారు తాతయ్య. ఏడాదిన్నరగా ఫోన్ తెరమీద మాత్రమే చూసుకున్న పిల్ల. ఆ ఆత్రం కొట్టిపారెయ్యదగింది కాదు. అందుకే ఈ మాట గుమ్మం దగ్గర కాదు, బయల్దేరే నెల ముందే ఫోన్‌లో చెప్పుకోవాలి. ఎదురొచ్చేవాళ్లు ఒకరు తగ్గాలి, లేదా రెండో బండి పెట్టాలి. అమ్మమ్మకు సీటు పక్క చోటు ఇవ్వాలి. పిల్ల చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పవచ్చు. రెండు గంటలకోసారి బండి ఆపి, సీటులోంచి తీసి ఎత్తుకోవచ్చు. పసిబిడ్డను అంతకు మించి ఏకబిగిన సీటులో ఉంచకూడదు కూడా.

బండి మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా అని అడిగినట్టే, వెనక సీటు బెల్టుల కొక్కేలు పైకి ఉన్నాయా అనీ అడగండి. మన ట్యాక్సీల్లో అవి సీటు కవర్ల కింద పూడిపోయి ఉంటాయి. కొత్త కార్లలో చాలావాటికి వెనక సీటు వీపుకూ అడుగుకూ మధ్య, 28 సెంటీమీటర్ల దూరంలో రెండు ఉక్కు కడ్డీలుంటాయి. అవే ఐసోఫిక్స్. అమెరికా సీట్ల కొక్కేలు సాధారణంగా వాటికి పడతాయి. అవి లేని బండిలో బెల్టుతో కట్టాలి. చాలామందికి తెలియని చిక్కు ఇక్కడుంది. అమెరికా కారులో బెల్టును పూర్తిగా బయటికి లాగి వదిలితే అది బిగుసుకుని లాక్ అవుతుంది. మన కార్లలో ఎక్కువవాటికి ఆ ఏర్పాటు లేదు. గట్టి కుదుపు వస్తేనే పట్టుకుంటుంది. అక్కడ అలవాటైనట్టే కట్టి వదిలేస్తే సూర్యాపేట చేరేలోగా సీటు వదులవుతుంది. సీటులోనే బెల్టును బిగించి పట్టే ఏర్పాటు ఉన్న మోడల్ కొనండి, లేదా కొన్ని సీట్లతో వచ్చే చిన్న లోహపు క్లిప్పు పారెయ్యకుండా తెచ్చుకోండి. కట్టాక బెల్టు దూర్చిన చోట పట్టి కుదిపితే అంగుళానికి మించి కదలకూడదు. వెనక్కి తిప్పిన సీటును ముందు ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా ఎప్పుడూ పెట్టకండి.

రాజమహేంద్రవరం దాకా విమానంలో వస్తే ఈ దారి చాలావరకు తప్పుతుంది. మధురపూడి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం గంటా గంటన్నరలో వస్తుంది. మధ్య డెల్టా కాలువ ఒక పక్క, చెట్లు ఒక పక్క ఉన్న ఆ గట్టు రోడ్డు చూడ్డానికి ఎంత అందమో, ఎదురుగా బండి వస్తే తప్పుకోవడానికి అంత ఇరుకు. ఊరు దగ్గరపడిందని బెల్టు విప్పెయ్యడానికి అది చోటు కాదు. కాలువలో పడితే బిడ్డను ఎలా తీస్తామని కొందరి భయం. ఛాతీ దగ్గరి క్లిప్పు విప్పి, ఆ సీటు మధ్యలో ఎర్ర బొత్తాం నొక్కితే పట్టీలు ఊడివస్తాయి. ఎదురొచ్చిన తాతయ్యకూ, డ్రైవరుకూ అది ఒకటి రెండుసార్లు నొక్కి చూపించండి.

ఇదంతా అమెరికా పిల్లల కోసమే రాస్తున్నది కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ తగిన సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. బైకు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకు భద్రతా పట్టీలు, హెల్మెట్, 40 కిలోమీటర్ల వేగపరిమితి 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన. శనివారం పూట వాడపల్లి వెంకన్న దగ్గరికి వచ్చే బళ్లను చూస్తే వీటిలో ఎంత అమలవుతోందో తెలుస్తుంది. పెట్రోలు ట్యాంకు మీద కూర్చున్న పిల్లలు మన పిల్లలే.

ప్రయాణపు సీటును తిరిగి మోసుకెళ్లడం కష్టమనిపిస్తే, ఇక్కడే మన ప్రమాణాల గుర్తు ఉన్నది కొని అమ్మమ్మ ఇంట్లో ఉంచండి. అది అమెరికా రోడ్ల మీద చెల్లదు కాబట్టి ఇక్కడే ఉండాలి. అటక మీద వేడికి పెట్టకండి. దాని మీద ముద్రించిన గడువు తేదీ చూసుకోండి. ఒకసారి గట్టి ప్రమాదం జరిగిన బండిలోని సీటును మళ్లీ వాడకండి. విదేశాల్లో పిల్లలున్న ఇళ్లు కోనసీమ ఊళ్లలో తక్కువేం కాదు. సంక్రాంతికి ఒకరి మనవడు, వేసవికి మరొకరి మనవరాలు. సీటు ఎవరిదో, దానికి ఏం జరిగిందో తెలిసిన బంధువుల మధ్య అది ఇల్లిల్లూ తిరగవచ్చు. మిగతా నెలల్లో ఊళ్లోనే ఉండే పిల్లలు రాజమండ్రి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కూర్చోవచ్చు.

రావులపాలెం, రాజమండ్రి ట్యాక్సీ యజమానులకు ఒక విన్నపం. సీటు కవర్ల మీద బెల్టు కొక్కెం వచ్చే చోట కత్తిరించి, వాటిని బయటికి తీయించండి. దర్జీకి పావుగంట పని.