పనిమంతుని రాతబల్లకు పరిహాసపు కానుక



మన యిబ్రహీంపట్నములో నేడు మేస్త్రికైనను వడ్రంగికైనను తాపీయు నులియు మాత్రమే చాలవు. ఇంటి యంచనా వ్రాయవలెను, సిమెంటు చీటీలు దాచవలెను, కూలీల లెక్క చూచుకొనవలెను. కావున పనిచేయు చేతికి రాతబల్లయు నొకటి కావలసివచ్చినది. గృహప్రవేశమునాడు మేస్త్రికి బట్టలు పెట్టుట మన యాచారమే గదా. వానితోపాటు ఆ బల్లపై నుంచుకొనదగినది, ఆయన పేరుగలది, చూచినప్పుడెల్ల నవ్వు తెప్పించునది యొక చిన్న వస్తువు నిచ్చుటను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

కృష్ణాతీరమున మన యూరి పేరుగలదే మరియొక యిబ్రహీంపట్నము కలదు. దాని చెంతనే కొండపల్లి. అచ్చటి బొమ్మలవారు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, అంగములను వేరువేరుగా చేసి, చింతగింజల జిగురులో ఱంపపుపొట్టు కలిపిన మక్కుతో నతికి, రంగులు వేయుదురు. పల్లెలోని వృత్తులవారి బొమ్మలు వారి చేతికి అలవాటే. వడ్రంగికి పెన్సిళ్లు నిలుపుకొను డబ్బా నొకటి చేయించి, దానిపై ఆయన పేరును, క్రింద ‘‘మొదట చెవిమీద చూచుకొనుము’’ అనియు వ్రాయింపవచ్చును. ఒక్కటే చిక్కు. ఆ కఱ్ఱ మిక్కిలి తేలిక. కాగితములపై బరువుగా నుంచితిమా, పంకా తిరుగగానే కాగితములకంటె ముందు బొమ్మయే లేచిపోవునేమో!

బరువు కావలెనన్న బీదరు పని మేలు. అందు తుత్తునాగము పాలెక్కువ, రాగి కొంచెము. పోతపోసిన వస్తువుపై గాడులు చెక్కి, వెండితీగను కొట్టి కూర్చెదరు. పిమ్మట బీదరు కోటలోని మట్టిని నవాసాగరముతో కలిపి పట్టింపగా లోహము నల్లబడును, వెండి మాత్రము తెల్లగనే యుండును. పూర్వము దొరల కలందానులు ఈ పనితో చేయించిరి. నేడు మేస్త్రి బల్లపైకి వచ్చిన తప్పేమి?

ఇక పరిహాసము. ఇచ్చటనే నేను పొరపడితిని. మా యిల్లు కట్టిన మేస్త్రికి కఱ్ఱ తాపీ నొకటి చేయించి, దానిపై ‘‘నెమ్మది మేస్త్రి’’ యని చెక్కించి పదిమందిలో నిచ్చితిని. అందఱు నవ్విరి. ఆయనయు నవ్వెను. కాని ఆ తాపీ ఆయన బల్లపై నెన్నడును కనబడలేదు. కొన్నాళ్లకు నా చీటీలు తిరుగవేయగా తెలిసినది: పని నిలిచిన దినములన్నియు సిమెంటునకు నేను పైకము పంపని దినములే. ఆలస్యము నాది, పేరు ఆయనది! పనిముట్టును గాని పని యలవాటును గాని నవ్వవచ్చును. మనిషి నేర్పును నవ్వరాదు, కులమును బట్టి నవ్వుట యసలే కూడదు.

మరుసటి దసరాకు గోడ నిటారుతనము చూచు దారపుగుండు నాకారమున ఇనుప బరువు నొకటి పోయించితిని. దానిపై ఆయన పేరు, క్రింద ‘‘వంకర యజమానిది, గుండుది కాదు’’ అని. ఆయన చదివి, మరల చదివి, ఈమారు నాకంటె ముందు నవ్వెను. అది యిప్పుడాయన లెక్కల కాగితములపై నున్నది. మొదటి తాపీ యేమైనదో నేనడుగలేదు.