కరెంటు తీగకు కట్టిన తోట

1880 మార్చి. లండన్‌లో రాయల్ సొసైటీ సభ్యుల ఎదుట విలియం సీమెన్స్ ఒక కుండీ పెట్టాడు. అందులోని తులిప్ మొగ్గలు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. దగ్గర్లో విద్యుత్ ఆర్క్ దీపం వెలిగించాడు. 40 నిమిషాలు గడిచేసరికి మొగ్గలు విచ్చుకున్నాయి. ఇవాళ కెనడాలో, కాలిఫోర్నియాలో కిటికీ అయినా లేని గదుల్లో చట్టం అనుమతితో గంజాయి పెంచుతున్న దీపాల వంశవృక్షం ఆ కుండీ దగ్గర మొదలవుతుంది.

సీమెన్స్ జర్మనీలో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ ఇంజనీరు. టన్‌బ్రిడ్జ్ వెల్స్ దగ్గర షేర్‌వుడ్ అనే తన ఇంటి తోటలో యంత్రంతో డైనమో తిప్పించి, 1,400 కొవ్వొత్తుల పెట్టు వెలుగునిచ్చే దీపాన్ని గాజు ఇంటి మీద వేలాడదీశాడు. ఆవ, క్యారెట్, చిక్కుడు, దోస మొక్కల్ని నాలుగు జట్లు చేశాడు. ఒక జట్టుకు చీకటి, ఒకదానికి ఎండ, ఒకదానికి దీపం, చివరిదానికి ఎండా దీపమూ రెండూ. చివరి జట్టే అన్నిటికన్నా ఏపుగా ఎదిగింది. తర్వాతి చలికాలంలో దీపాన్ని గాజు ఇంటి లోపలికే తెచ్చాడు. అక్టోబరు చివర్లో వేసిన బఠాణీ ఫిబ్రవరి మధ్యకల్లా కాపుకొచ్చింది. ఆర్క్ వెలుగు సూటిగా పడ్డ ఆకులు కమిలిపోతుంటే మధ్యలో పలుచని గాజు పలక అడ్డుపెట్టాడు. హాని చేసే అతినీలలోహిత కిరణాలు అక్కడే ఆగిపోయాయి. ఆవిరి యంత్రం వదిలే వేడిని కూడా వృథా చేయకుండా గాజు ఇళ్లను వెచ్చగా ఉంచడానికి మళ్లించాడు.

ఆ ఏర్పాటుకు ఒక ధీమా ఉంది. రాత్రి యంత్రం ఆగిపోయినా తెల్లారితే సూర్యుడు వస్తాడు. తోట గదిలోకి జరిగిన కొద్దీ ఆ ధీమా తగ్గుతూ వచ్చింది. నాలుగు గోడల మధ్య ఉన్న మొక్కకు వెలుగు, గాలి, నీరు, చల్లదనం అన్నీ ఒకే తీగ మీద ఆధారపడి వస్తాయి. ఆ తీగలో కరెంటు పోయిన రోజున ఏం చెయ్యాలో ముందే ఆలోచించి పెట్టుకోవడం గది తోటకు అదనపు హంగు కాదు, దీపంతో పాటే బిగించుకోవలసిన భాగం. ఆ ఆలోచన మొదలు పెట్టగానే తేలే విషయం ఒకటుంది. ఆపదలో అన్నిటికన్నా ముందు కాపాడవలసింది దీపాన్ని కాదు.

కారణం దీపం చేసే పనుల్లోనే ఉంది. అది మొక్కకు ఆహారం తయారు చేసుకునే శక్తినిస్తుంది. దాంతో పాటు కాలం కూడా చెబుతుంది. ఈ రెండో పనిని తొలిసారి పట్టుకున్న వాళ్లలో జూలియన్ టూర్న్వా ఒకడు. ఈ ఫ్రెంచి యువ శాస్త్రవేత్త 1910 తర్వాత హాప్స్ అనే తీగ మొక్క మీద, గంజాయి జాతికే చెందిన హెంప్ మీద పరిశోధన చేశాడు. చలికాలంలో గాజు కింద మొలిచిన మొక్కలు పసితనంలోనే పూతకు రావడం గమనించి, పొట్టి పగళ్లకూ పొడవాటి రాత్రులకూ ఆ పూతతో సంబంధం ఉందని తేల్చాడు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం అతన్ని పొట్టన పెట్టుకుంది. ఆ పని అక్కడ ఆగింది. 1920లో అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ పొగాకు, సోయా మొక్కల్ని చీకటి గదిలో ఉంచీ బయటకు తీసీ అదే సూత్రాన్ని లోకానికి రుజువు చేశారు. 1938లో హామ్నర్, బానర్ ఇంకా లోతుకు వెళ్లారు. వాళ్లు తీసుకున్న మొక్క మన పొలం గట్ల మీద కూడా కనిపించే మరులమాతంగి. దానికి కావలసింది పొట్టి పగలు కాదని, తెగని రాత్రి అని వాళ్ల ప్రయోగం చూపింది. పొడవాటి రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు వెలుగు పడితే చాలు, మొక్క పూయడం మానేసింది.

గంజాయి కూడా ఈ కోవదే. అందుకే గది తోటల్లో ఆకు పెరగడానికి రోజుకు 18 గంటల వెలుగు, పూత కోసం 12 గంటల వెలుగు, 12 గంటల నిఖార్సయిన చీకటి ఇస్తారు. హోసూరు, చిక్కబళ్ళాపురం వైపు చామంతి రైతులు రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగించి పూతను వాయిదా వేయడంలోనూ ఇదే సూత్రం పని చేస్తుంది. రాత్రి బస్సు కిటికీ లోంచి ఆ వెలుగుల తోటల్ని చూసిన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు.

ఇక దీపం చేసే మూడో పని ఎవరూ అడగనిది. అది గదిని కాలుస్తుంది.

1960ల మధ్యలో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ అధిక పీడన సోడియం దీపాన్ని బజారులోకి తెచ్చింది. మరిగే సోడియం ఆవిరి మామూలు గాజును తినేస్తుంది. దాన్ని తట్టుకుంటూ వెలుగును పోనిచ్చే అల్యూమినా గొట్టాన్ని అదే సంస్థలోని రాబర్ట్ కోబుల్ అంతకు ముందే తయారుచేసి పెట్టాడు. వీధుల కోసం పుట్టిన ఆ పసుపు దీపం 1970, 80ల్లో తోటమాలుల చేతికి వచ్చింది. 1983 నుంచి కాలిఫోర్నియా కొండల మీద హెలికాప్టర్లతో గంజాయి తోటల వేట మొదలయ్యాక చాలామంది సాగును గదుల్లోకి మార్చారు. అప్పుడు ఆ వేడే వాళ్లను పట్టించింది. ఒరెగాన్‌లో ఒక ఇంటి గోడ నుంచి వస్తున్న వేడిని పోలీసులు థర్మల్ కెమెరాతో 1992లో గుర్తించారు. వారెంటు లేకుండా అలా ఇంట్లోకి తొంగి చూడకూడదని అమెరికా సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పింది. మొక్కల దీపం రాజ్యాంగ చరిత్రలో చోటు సంపాదించుకోవడం విశేషమే.

1,000 వాట్ల దీపాలు పది పెట్టిన గదిలో 10 కిలోవాట్లు దాదాపు పూర్తిగా వేడిగానే మిగులుతాయి. మొక్క దాచుకునేది అందులో అతి కొద్ది పాలు. ఏసీ ఆగి దీపాలు మాత్రం వెలుగుతూ ఉంటే గది నిమిషాల మీద కొలిమి అవుతుంది. కాబట్టి పూర్తిగా చీకటి కమ్మడం కంటే సగం కరెంటు రావడమే తోటకు ఎక్కువ ప్రమాదం. కరెంటు తిరిగి రాగానే ఎల్ఈడీలు ఆ క్షణమే వెలుగుతాయి. ఏసీ కంప్రెసర్‌ని మాత్రం కొన్ని నిమిషాలు ఆగాకే మళ్లీ నడపాలి. అందుకే అనుభవజ్ఞులు వేడి హద్దు దాటగానే దీపాలను ఆపేసే థర్మోస్టాట్‌ను విడిగా బిగిస్తారు. పాత సోడియం దీపాల బాధ వేరు. ఒక్క సెకను కరెంటు రెప్పవాల్చినా అవి ఆరిపోతాయి, గొట్టం చల్లారే దాకా మళ్లీ అంటుకోవు.

మరి అన్నిటికన్నా ముందు ప్రాణం పోయేది దేనికి? వేళ్లకు. మట్టిలో ఉన్న మొక్కకు తడి కొంత నిల్వ ఉంటుంది. వేళ్లకు పొగమంచులా నీళ్లు చిమ్మే పద్ధతిలో, పలుచని నీటి పొర పారే కాలువ పద్ధతిలో ఆ నిల్వ ఉండదు. పంపు ఆగితే గంటల లెక్కే. వేళ్లు నీటిలో మునిగి ఉండే తొట్లకు గాలి పంపు ఆగితే ఆక్సిజన్ తగ్గిపోతుంది, నీళ్లు వెచ్చబడిన కొద్దీ ఇంకా త్వరగా తగ్గుతుంది. ఆ తర్వాతి వంతు ఫ్యాన్లది. గాలి ఆడని గదిలో తేమ పేరుకుని, దట్టమైన పూగుత్తుల్లో బూడిద రంగు బూజు కమ్ముకుంటుంది. ఆకులైతే ఒకటి రెండు రోజుల చీకటిని తట్టుకుంటాయి.

ఈ వరస తెలిస్తే బ్యాటరీ లెక్క సులువవుతుంది. మన ఇళ్లలో ఇన్వర్టర్ పక్కన ఉండే 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-గంటలు ఉంటాయి. దానికి 1,000 వాట్ల దీపం తగిలిస్తే రెండు గంటలైనా రాదు. అదే బ్యాటరీ 40 వాట్ల పంపును, నష్టాలు పోనూ, ఒక రోజు పైనే నడుపుతుంది.

ఎన్నాళ్లకు సిద్ధపడాలన్నది ఊరిని బట్టి మారుతుంది. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్యంలోనూ కెనడాలోని ఆంటారియోలోనూ దాదాపు 5 కోట్ల మందికి ఒకేసారి కరెంటు పోయింది. చాలాచోట్ల అది గంటల నుంచి ఒకటి రెండు రోజుల కథ. 1998 జనవరిలో క్యూబెక్ మంచు తుపానుకు విద్యుత్ స్తంభాలు కూలి, కొన్ని ఇళ్లకు వారాల తరబడి వెలుగు రాలేదు. 2019 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలో ఈదురు గాలులకు తీగలు రాజుకుని కార్చిచ్చు పుట్టకూడదని విద్యుత్ సంస్థే ముందుగా చెప్పి సరఫరా ఆపేసింది.

వారాల ఆపదలో పంట మొత్తాన్ని నిలబెట్టడం అసాధ్యం. అప్పుడు కాపాడుకోవలసింది వంశాన్ని. కొమ్మలు కోసి నాటుకోవడానికి ఉంచుకునే తల్లి మొక్క పోతే అచ్చంగా అదే గుణమున్న మొక్క మళ్లీ దొరకదు. కాబట్టి దాని కొమ్మ ఒకటి మరో చోట, మరో కరెంటు లైను మీద బతికి ఉండాలి. చీకటి రోజులు సాగితే తల్లి మొక్క పూతకు తిరిగిపోయే ప్రమాదమూ ఉంది. పెద్ద దీపం నడపలేనప్పుడు హామ్నర్, బానర్‌ల మరులమాతంగి పాఠం అక్కరకొస్తుంది. పగలు కిటికీ వెలుగులో ఉంచి, రాత్రి నడుమ కాసేపు చిన్న బల్బు వెలిగిస్తే మొక్క ఆకుల దశలోనే ఉండిపోతుంది. పూత గదిలో దీనికి తలకిందులుగా జాగ్రత్త పడాలి. హడావుడిలో కొట్టే టార్చి, తెరిచి మరిచిపోయిన తలుపు ఆ చీకటిని చెడగొడతాయి. ముల్లు తిరిగే పాత టైమరు కరెంటు పోయినంతసేపూ ఆగిపోయి, ఆ మేరకు మొక్కల రాత్రిని జరిపేస్తుంది.

ఆపద ఎప్పుడూ కరెంటు కోతగానే రాదు. దీనికి మంచి ఉదాహరణ భూమి మీద లేదు. 1990ల మొదట్లో విస్కాన్సిన్ పరిశోధకులు నాసా కోసం ఎల్ఈడీల కింద లెట్యూస్ పెంచారు. ఆ దారిలోనే 2014లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ‘వెజ్జీ’ అనే చిన్న తోట పెట్టె వెళ్లింది. 2015 చివర్లో అందులో జినియా మొక్కలకు నీరెక్కువై, ఆకుల నుంచి బొట్లు కారి, డిసెంబరులో బూజు పట్టింది. వ్యోమగామి స్కాట్ కెల్లీ బూజు పట్టిన భాగాలు కత్తిరించి ఫ్యాన్ వేగం పెంచాడు. ఆ గాలికి మొక్కలు ఎండిపోసాగాయి. నీళ్లు పోసే రోజు భూమి మీద వేసిన పట్టికలో ఇంకా రాలేదు. మొక్కను కళ్లారా చూస్తున్నవాడే నిర్ణయించాలని కెల్లీ కోరాడు. నాసా ఒప్పుకుని, ఒక్క పేజీ సూచనలు పంపి, తోట అతనికి అప్పగించింది. కొన్ని మొక్కలు చనిపోయాయి. మిగిలినవి 2016 జనవరిలో పూశాయి. గది తోట గోడకు అంటించుకునే ఆపద్ధర్మ సూచనలు కూడా ఒక్క పేజీలో ఒదగాలి: ఏ స్విచ్ ముందు, ఏ పంపు తర్వాత, ఎవరికి ఫోను.

2018 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన కెనడా చట్టం ఒక్కో ఇంటికి నాలుగు మొక్కల దాకా అనుమతించింది, కొన్ని రాష్ట్రాలు వేరే నిబంధన పెట్టుకున్నాయి. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అనుమతి లేకుండా కుండీలో ఒక్క గంజాయి మొక్క పెంచినా నేరమే. పంట ఏదైనా గది ప్రమాదాలు మాత్రం మారవు, అవి మనుషులకూ వర్తిస్తాయి. మొక్కల కోసం నింపే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు మూసిన గదిలో కారి గాలిలో 4 శాతానికి చేరితే అది వెంటనే ప్రాణాపాయం కలిగించే మోతాదు. ఫ్యాన్లు ఆగిన గదిలోకి పరుగెత్తే ముందు కార్బన్ డయాక్సైడ్ మీటరు చూడాలి, అదీ సొంత బ్యాటరీ మీద నడిచేదై ఉండాలి. జనరేటరును ఇంట్లో గానీ గ్యారేజీలో గానీ నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. కిటికీలకూ తలుపులకూ కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట పెట్టాలి. తోటకు సరిపడా పొడవున్న మంచి కేబుల్ ముందే కొని ఉంచుకోవాలి.