తార్నాక: ఊరు, జనం, లెక్క

హైదరాబాదులో తార్నాక ఉంది. దాని పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం. దీన్ని 1918లో స్థాపించారు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ పెద్ద రాతి భవనం. దాన్ని 1939లో తెరిచారు.

ఒకప్పుడు ఇక్కడి అడిక్‌మెట్ భూములు ఒక ఆడమనిషి జాగీరు. ఆమె పేరు మహ్ లఖా బాయి చందా. ఆమె ఉర్దూలో గజళ్ళు రాసిన కవయిత్రి.

ఈ ప్రాంతం హైదరాబాదు జిల్లాలోది. జిల్లా చిన్నది, 217 చదరపు కిలోమీటర్లే. 2011 జనాభా లెక్కల్లో జిల్లా జనం 39 లక్షలు దాటారు. అంటే ఒక్కో చదరపు కిలోమీటరులో 18 వేల మంది!

ఆ 2011 లెక్కల ప్రకారం, ఏడేళ్ళు, ఆపైన వయసున్న ఆడవాళ్ళలో నూటికి 79 మందికి చదువు వచ్చు. 21 మందికి రాదు. ఇంత పెద్ద విశ్వవిద్యాలయం ఉన్న జిల్లాలోనే అప్పుడు ఇట్లా ఉండేది.

లెక్కల్లో చదువు వచ్చినట్టు రాయాలంటే బడికి పోయి ఉండాలా? అక్కర్లేదు. పరీక్ష పాసు కానక్కర్లేదు. ఏ భాషలోనైనా అర్థం చేసుకొని చదవడం, రాయడం వస్తే చాలు.

లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు పాత అలవాటుకొద్దీ "ఆమెకు చదువు రాదు" అనొచ్చు. అప్పుడు ఆమే ముందుకు వచ్చి చెప్పాలి:

"నాకు చదువు వచ్చు. రాసుకోండి."