కారులో ప్లగ్గు ఉందిగా అనుకుంటే...

కిందటి మాఘమాసంలో మా చిన్నత్తమ్మ మనవరాలి పెళ్లికని కోరుట్ల నుంచి సిరిసిల్లకు కిరాయి కారులో బయల్దేరాం. మా అత్తమ్మకు ఆయాసం. ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. తంబాకు దుమ్ము ఊరికే పోతుందా? రోజుకు మూడుసార్లు నెబ్యులైజరు పెట్టాల్సిందే. "దారిలో ఎట్లా?" అని నేను తటపటాయిస్తుంటే డ్రైవరు తమ్ముడు వెనక సీటు ముందున్న చిన్న మూత తీసి చూపించాడు. అచ్చం మన ఇంటి గోడకున్నట్టే ప్లగ్గు! "ఇంట్ల కరెంటే అక్కా ఇది. ఏదన్నా పెట్టుకోన్రి" అన్నాడు. నా ఫోను చార్జరు పెట్టి చూశాను. బ్రహ్మాండంగా ఎక్కుతోంది. ఇంకేం, నిశ్చింతగా కూర్చున్నాను.

జగిత్యాలలో మా ఆడబిడ్డను ఎక్కించుకునేసరికే ఆలస్యమైపోయింది. కొడిమ్యాల దాటాక అత్తమ్మకు ఆయాసం మొదలైంది. మిషను తీసి ప్లగ్గులో పెట్టాను. 'గుర్ర్' మని రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. ప్లగ్గు పక్కనున్న చిన్న దీపం ఎర్రగా మారింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. "ఏమైంది బిడ్డా, ఖరాబైందా?" అని అత్తమ్మ అడుగుతుంటే ఆ మాటలో సగం గాలే. నా చేతులు వణికాయి. "వదినె, సంచిల పంపు ఉన్నది గద!" అంది మా ఆడబిడ్డ. అవసరానికని డాక్టరుగారు రాసిచ్చిన ఇన్‌హేలరు, దానికి తగిలించే స్పేసరు గొట్టం అప్పుడు గుర్తొచ్చాయి. ఆయన చెప్పిన లెక్క ప్రకారమే పీల్పించాం. వేములవాడ చేరేసరికి అత్తమ్మ కాస్త తేరుకుంది. అక్కడ తెలిసినవాళ్లింట్లో గోడ ప్లగ్గుకు పెడితే అదే మిషను చక్కగా పనిచేసింది!

అంటే మిషను పాడవలేదు. కారు ప్లగ్గూ పాడవలేదు, ఫోను ఎక్కింది కదా. మరి తప్పెక్కడ?

సాంచాల ఊళ్లో జవాబు

సిరిసిల్లలో మా మరిది ఒకతను సాంచాల మోటార్లు బాగుచేస్తాడు. పెళ్లి పందిట్లోనే అతన్ని పట్టుకుని అడిగాను. "వదినె, సాంచ చాలు చేసేటప్పుడు బల్బు ఒక్కసారి గుడ్డిగైతది చూసిన్రా? మోటరు లేచేటప్పుడు ఎక్కువ కరెంటు గుంజుతది. మీ మిషన్ల కూడ చిన్న మోటరే గదా ఉన్నది" అన్నాడు.

మిషను అడుగున చూస్తే 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 140 వీఏ అని ఉంది. కారు ప్లగ్గు మీద 150 వాట్లు అని ఉంది. సరిపోతుందనే అనుకుంటాం. కానీ ఆ 140 నడుస్తున్నప్పటి లెక్క. మొదలయ్యే క్షణంలో మోటరుకు దానికి ఎన్నో రెట్లు కావాలి. అంత ఇవ్వలేక ప్లగ్గు తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఎర్ర దీపానికి అర్థం అదేనట.

రెండో సంగతి కరెంటు తీరు. మామూలు కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టుల డీసీ. లోపలున్న ఇన్వర్టరు దాన్ని 230 వోల్టుల ఏసీగా మారుస్తుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు, 1970లో మొదలైన సిరిసిల్ల 'సెస్' సహకార సంఘం ఇచ్చేదైనా మరెవరిచ్చేదైనా, సెకనుకు 50 సార్లు ఉయ్యాల ఊగినట్టు నున్నగా ఊగుతుంది. దీన్నే సైన్ వేవ్ అంటారు. చవక ఇన్వర్టర్లలో ఆ ఊపు నున్నగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. పాతరకం ఇన్వర్టరు మీద ఫ్యాను 'గుయ్' మనడం మనందరం విన్నదే. కారణం అదే.

ఫోను చార్జరు ఏ కరెంటునైనా లోపల మళ్లీ డీసీగా మార్చుకుంటుంది కాబట్టి సాధారణంగా ఇబ్బంది పడదు. మోటార్లు మాత్రం మూలుగుతాయి, వేడెక్కుతాయి. కొన్ని వైద్య పరికరాలు తప్పు సూచన చూపి ఆగిపోతాయి. ఫోను ఎక్కిందంటే ప్లగ్గులో కరెంటు ఉందని మాత్రమే అర్థం. అన్నీ నడుస్తాయని కాదు. నేను చేసిన పొరపాటు ఇదే.

వరసగా ఇలా చూడండి

1. ప్లగ్గు అసలు పనిచేయకపోతే డాష్‌బోర్డు మీద దానికి వేరే స్విచ్చు ఉందేమో చూడండి. కొన్ని బండ్లలో ఇంజిను నడుస్తుంటేనే కరెంటు వస్తుంది.

2. మధ్యలో ఆగిపోతే అన్నీ ఊడదీసి, బండి ఆపి, కొద్ది నిమిషాలు చల్లారనిచ్చి మళ్లీ పెట్టండి. ఫోను చార్జరు పనిచేసి మిషను పనిచేయకపోతే బరువు ఎక్కువైందనో, కరెంటు తీరు పడలేదనో అనుమానించండి.

3. మిషనును ఇంటి గోడ ప్లగ్గుకు పెట్టి చూడండి. అక్కడ నడిస్తే మిషను మంచిదే.

4. పరికరం మీది అంకె, ప్లగ్గు మీది అంకె పక్కపక్కన రాసుకోండి. మోటరున్న వాటికి రెండూ దగ్గరదగ్గరగా ఉంటే చాలదు.

5. ఇన్వర్టరు ఏ రకమో కారుతో వచ్చిన పుస్తకంలో వెతకండి. పరికరం పుస్తకంలో సైన్ వేవ్ ఉంటేనే వాడమని ఉంటే ఇంకో రకానికి పెట్టి ప్రయోగం చేయకండి.

6. మామూలు మీటరుతో కొలిస్తే మెట్ల కరెంటుకు వోల్టేజి తక్కువ చూపించవచ్చు. టెస్టరు రెండు రంధ్రాల్లోనూ వెలగవచ్చు. అంతమాత్రాన ప్లగ్గు చెడిందని విప్పకండి. 12 వోల్టుల బండే కదా అని చెయ్యి పెట్టకండి, అక్కడున్నది 230!

కారు ప్లగ్గుకు ఇంట్లో ఉన్నట్టు ఎర్తింగు ఉండకపోవచ్చు. అందుకే లాప్‌టాప్ రేకు తాకితే చిమచిమలాడటం, దాని మీద బాణం గుర్తు పిచ్చిగా గెంతటం జరుగుతాయి. తడి చేతులతో ముట్టుకోకండి. ఇంజిను ఆపి ఎక్కువసేపు వాడితే బ్యాటరీ దిగిపోతుంది. అలాగని మూసిన షెడ్డులో ఇంజిను నడిపి వాడొద్దు. ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఏది నడుస్తుంది, ఏది నడవదు?

నిమిషానికి 5 లీటర్లిచ్చే ఆక్సిజన్ కాన్సంట్రేటరుకు సుమారు 300 వాట్లు, అంతకన్నా ఎక్కువ కావాలి. 150 వాట్ల ప్లగ్గు దానికి పనికిరాదు. నిద్రలో శ్వాసకు వాడే సీపాప్ మిషన్లలో చాలావాటికి కారు 12 వోల్టుల సాకెట్టుకే తగిలించే అడాప్టరు ఆ కంపెనీలే అమ్ముతాయి, అది మేలు. ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరు. 2023లో కొత్త రూపంలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ లాంటివి 3.3 కేవీఏ దాకా బయటికి ఇవ్వగలవు. అందులోనూ పరికరం పుస్తకం చూశాకే పెట్టండి.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన వస్తువైతే ఇంకో జాగ్రత్త. అక్కడ ఇళ్లల్లోనూ, కారు ప్లగ్గుల్లోనూ ఉండేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ నేరుగా పెడితే కాలిపోవచ్చు. దాని మీద 100-240 అని ఉంటేనే సరే.

తిరుగు ప్రయాణంలో అత్తమ్మకు నెబ్యులైజరు పెట్టాకే కారెక్కాం. ఆ తర్వాత డాక్టరుగారిని అడిగి, ఆమె మందుకు పనికొస్తుందన్నాక, బ్యాటరీతో నడిచే చిన్న మెష్ నెబ్యులైజరు కొన్నాం. దానికి మోటరు లేదు, చప్పుడూ లేదు. అయినా ఇన్‌హేలరు, స్పేసరు సంచి పైజేబులోనే ఉంటాయి. పంపుతోనూ ఆయాసం తగ్గకపోతే ప్లగ్గుతో కుస్తీ పట్టకుండా 108కి ఫోను చేయాలని ఇంట్లో అందరికీ చెప్పిపెట్టాను.

ఇప్పుడు ఏ ఊరికి బయల్దేరినా అత్తమ్మే ముందు అడుగుతుంది. "మిషను పెట్టి చూసినవా బిడ్డా? ఫోను గాదు, మిషను!"